హీత్ బంజరు కాదు, చెట్టు కొట్టడం నేరం కాదు

ఇంగ్లండ్‌లోని హీత్ నేలల్లో, అంటే చెట్లు తక్కువగా ఉండి పొట్టి పొదలు పెరిగే తెరిపి నేలల్లో, చెట్లు కొట్టినప్పుడల్లా ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది. దాని సారం ఇది: "అది ఏమీ లేని బంజరు. సంరక్షణ పేరుతో ఉన్న చెట్లనూ నరుకుతున్నారు. వదిలేస్తే అడవి అవుతుంది, కార్బన్‌ను దాచుకుంటుంది. పైగా కుక్కను వదలొద్దు, నిప్పు పెట్టొద్దంటూ ఉత్త పెత్తనం."

"ఏమీ లేని" అన్న మాటే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. మే నెలాఖరులో సర్రే కౌంటీలోని థర్స్‌లీ కామన్ అనే హీత్‌కు వెళ్లి చూడండి. ఆఫ్రికా నుంచి వచ్చిన నైట్‌జార్ పక్షులు చీకటి పడగానే రాట్నం తిప్పినట్టు ఆగకుండా కూస్తుంటాయి. గోర్స్ ముళ్లపొదల్లో డార్ట్‌ఫోర్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట కనిపిస్తుంది. 1962-63 నాటి భయంకరమైన చలికాలం తర్వాత బ్రిటన్ మొత్తంలో ఆ పక్షులు పదీ పదకొండు జంటలే మిగిలాయి. బురద కుంటల మీద ఇరవైకి పైగా రకాల తూనీగలు. జూన్ వస్తే సిల్వర్ స్టడెడ్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుకలు ఎగురుతాయి. వాటి గొంగళిపురుగులను నల్లచీమలు కాపాడతాయి, బదులుగా ఆ పురుగులు స్రవించే తీపి ద్రవాన్ని తాగుతాయి. లేత హెదర్ పొదలు, ఎండ తగిలే నేల లేకపోతే ఈ స్నేహం సాగదు.

మరి చెట్లెందుకు కొట్టడం? హీత్ అసలు మనిషి చేతి పనే. కాంస్యయుగం నుంచే అడవి నరికి, పశువులను మేపి, వంటచెరకుకు గోర్స్ కోసుకుంటూ వచ్చారు. ఆ వాడకం ఆగిపోయాక బర్చ్, పైన్ మొలకలు కొన్నేళ్లలోనే నేలను కమ్మేస్తాయి. నీడ పడితే శాండ్ లిజర్డ్‌కు చోటుండదు. ఆ బల్లి వేసవి మొదట్లో ఇసుకలో గుడ్లు పెడుతుంది, వాటిని పొదిగేది ఎండే. 1800 నుంచి ఇంగ్లండ్ తన పల్లపు ప్రాంతాల హీత్‌లో 80 శాతానికి పైగా పోగొట్టుకుంది. చెట్లు కొట్టే పని కూడా గూళ్లు లేని చలికాలంలోనే ఎక్కువగా చేస్తారు. మన ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్లపాడు గడ్డిమైదానాన్ని 1988లో అభయారణ్యంగా ప్రకటించినదీ ఇలాంటి అవసరం కోసమే. బట్టమేకపిట్టకు కావలసింది తెరిపి నేల, తోపులు కాదు.

కార్బన్ సంగతి. స్కాట్లాండ్‌లో హెదర్ నేలల్లో బర్చ్, పైన్ నాటిన 39 ఏళ్లకు కూడా మొత్తం నిల్వ పెరగలేదని 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది. చెట్లలో చేరినంతా మట్టిలో తరిగింది. సర్రే ఇసుకలో లెక్క అచ్చంగా అదే కానక్కర్లేదు. కానీ "చెట్టు నాటితే లాభమే" అన్న ధీమా మాత్రం నిలవదు.

ఇక పెత్తనం. నైట్‌జార్ గూడు కట్టదు, వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. పరుగెత్తే కుక్క ఒక్కటి చాలు, తల్లి లేచిపోతుంది, గుడ్లు కాకుల పాలవుతాయి. నిప్పు అంతకన్నా దారుణం. 2020 మే 30న, సరిగ్గా గూళ్ల కాలంలో, థర్స్‌లీలో దాదాపు 150 హెక్టార్లు తగలబడింది. పక్షులు ఎగిరిపోగలవు. గుడ్లు, పాములు, బల్లులు ఎక్కడికి పోతాయి? కాబట్టి కుక్కను పట్టీతో నడిపించండి, బార్బెక్యూ ఇంటి పెరట్లో పెట్టుకోండి.