వాచీ వీపు మీది రాత

ఇది నిన్న జరిగింది. ఒళ్లు మంట ఇంకా పూర్తిగా చల్లారలేదు, కాబట్టి ఒకటి రెండు మాటలు ఘాటుగా పడితే ఏమీ అనుకోకండి.

గృహప్రవేశానికి మా బావమరిది నాకొక స్మార్ట్‌వాచీ పెట్టాడు. "పన్నెండు వేలు బావా" అని పురోహితుడికి కూడా వినపడేలా చెప్పాడు. డబ్బా లేదు, ఎర్ర వెల్వెట్ సంచిలో వేసి ఇచ్చాడు. "డబ్బా ఎందుకు బావా, చెత్త" అన్నాడు. సంక్రాంతికి ఒంగోలు వెళ్లినప్పుడు దాని ఛార్జర్ అక్కడే మర్చిపోయి వచ్చాను. మా అమ్మ అది పనికిరాని వైరనుకుని పాతసామాన్లవాడికి వేసేసింది. మూడో రోజుకి వాచీ కన్ను మూసింది. ఆ తర్వాత నెలన్నర పాటు ఆ చచ్చిన వాచీనే పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఎవరైనా టైమెంత అంటే ఫోన్ తీసి చూసి చెప్పేవాణ్ణి. పోయిన వారం మా టీమ్‌లో ఒక కుర్రాడు "మీది ఏ మోడల్ సార్?" అన్నాడు. నల్లటిది అన్నాను.

వాడు నవ్విన నవ్వుకి ఆ సాయంత్రమే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. కంపెనీ పేరు వాచీ పట్టీ మీదే ఉంది. తెలుగు కోసం ఆరు నొక్కమంది. నొక్కాను. ఒకమ్మాయి హిందీలో నమస్తే చెప్పి మోడల్ పేరడిగింది.

"తెలీదమ్మా."

"వాచీ సెట్టింగ్స్‌లో అబౌట్‌లోకి వెళ్తే ఉంటుంది సార్."

"వాచీ ఆన్ కావట్లేదు. అందుకే కదా ఛార్జర్ అడుగుతున్నాను."

"అయితే ఒకసారి ఛార్జింగ్ పెట్టి చూడండి సార్."

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు అని మా నాయనమ్మ ఎవరి గురించో అంటుండేది. ఆ ఎవరో నేనేనని నిన్నగాక మొన్న అర్థమైంది. ఫోన్‌లో బ్లూటూత్ జాబితా చూసుకోవచ్చుగా అంటారేమో. ఫోన్ కూడా ఈమధ్యే మార్చాను. బావమరిదికి ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా బావా" అన్నాడు. వెనకాల కుక్కర్ విజిల్ వినిపించింది.

కంపెనీ వెబ్‌సైట్‌లో మోడళ్ల జాబితా ఉంది. ప్రో, ప్రో ప్లస్, మ్యాక్స్, ప్రో మ్యాక్స్, అల్ట్రా, అల్ట్రా మ్యాక్స్. కింద అన్నిటికీ ఒకటే నల్లటి చదరం బొమ్మ. ఒకే పిల్లాడికి ఆరు పేర్లు పెట్టి ఆరు రేషన్ కార్డులు తీసుకున్నట్టుంది.

మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి దగ్గర గోడు వెళ్లబోసుకుంటే, "పెద్ద కంపెనీలవీ అంతే సార్" అని ఓదార్చింది. ఆమెది యాపిల్. వాళ్ల తొలి వాచీ 2015లో వచ్చిందట. అది సీరీస్ 1 కాదట. సీరీస్ 1 వచ్చింది 2016లో, అదీ సీరీస్ 2తో కలిసి. అంటే పెద్దబ్బాయికి పేరు పెట్టకుండా, ఏడాది తర్వాత పుట్టిన కవలలకి ఒకటో వాడు, రెండో వాడు అని పేర్లు పెట్టారన్నమాట. సైజుల కథ ఇంకా అందంగా ఉంది. సీరీస్ 3 దాకా 38, 42 మిల్లీమీటర్లు ఉండేవి, అందులో 42 పెద్దది. 2024లో వచ్చిన సీరీస్ 10లో 42, 46. ఇందులో 42 చిన్నది. పాత 42 పట్టీ కొత్త 42కి పట్టదు. ఈమె ఆన్‌లైన్‌లో కొని, వెనక్కి పంపి, మళ్లీ కొని తెలుసుకుందట. శాంసంగ్ వాళ్లు గెలాక్సీ వాచ్ అన్నారు, మధ్యలో యాక్టివ్ అని రెండు తెచ్చారు, 2020లో నేరుగా గెలాక్సీ వాచ్ 3 అన్నారు. ఉత్త గెలాక్సీ వాచ్ 2 అనేదే లేదు. అంకెలు వరసగా ఎంచడానికి వీళ్లకి ఏం కష్టమొచ్చిందో నాకర్థం కాదు. మా వీధి బడిలో ఇలా ఎంచితే మాస్టారు తొడపాశం పెట్టేవారు.

చివరికి "ఎస్‌పీ రోడ్డుకి వెళ్లండి సార్, అక్కడ దొరకనిది లేదు" అంది. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్లుండే వీధి అది. శనివారం వెళ్లాను. మారతహళ్లి నుంచి అక్కడికి ఎలా చేరానో రాస్తే అదే వేరే వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నాను.

కొట్టు ఒక మనిషి పక్కకి తిరిగితే పట్టేంత ఉంది. పైనుంచి కేబుళ్లు పొట్లకాయల్లా వేలాడుతున్నాయి. లోపల కుర్రాడిది హిందూపురమట, నా కన్నడం రెండో మాటకే తెలుగులోకి దిగాడు.

"యా మోడలన్నా?"

వాచీ వెనక రాసి ఉంటుందని మాత్రం నాకు తెలుసు. ఠీవిగా విప్పి తిరగేశాను. రాసే ఉంది. ఆవగింజ మీద చెక్కినట్టు, బూడిదరంగు మీద బూడిదరంగుతో, ఆ పచ్చలైటు వచ్చే అద్దం చుట్టూ గుండ్రంగా. నాకు నలభై ఏడేళ్లు, చత్వారం వచ్చి నాలుగేళ్లయింది. కళ్లజోడు ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది.

గుండ్రంగా రాసిన రాతతో చిక్కేమిటంటే ఎక్కడ మొదలో, ఎక్కడ తుదో తెలీదు. చదవాలంటే వాచీని తిప్పుతూ ఉండాలి. చదవడానికి ఫోన్ కెమెరా పెట్టి జూమ్ చేశాను కాబట్టి ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో వాచీ. వాచీ తిప్పితే పట్టీ అడ్డం పడుతోంది, ఫోన్ తిప్పితే తెర కూడా దాంతోపాటే తిరుగుతోంది. అందుకని మెడ వంచాను. మెడ కొంత దూరమే వంగుతుంది, ఆ తర్వాత నడుము. ఆ తర్వాత కాళ్లు. మొత్తానికి ఒక పూర్తి ఆత్మప్రదక్షిణ చేశాను. తిరిగొచ్చేసరికి నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన నెత్తిన కంప్యూటర్ మానిటర్ ఉంది.

"దొరికింది! ఐపీ 68!" అన్నాను.

"అది దుమ్మూ నీళ్లన్నా. ఆరు దుమ్ముకి, ఎనిమిది నీళ్లకి. మోడల్ కాదు."

ఇంకో అర ప్రదక్షిణ. ఈసారి స్పష్టంగా కనపడింది. ఐ, ఎస్, ఆ తర్వాత ఐదంకెలు. 13252. మోడల్ నంబరంటే ఇలాగే ఉంటుంది మరి, చూడగానే నమ్మకం కలిగేలా. కుర్రాడు ఏదో చెప్పబోయాడు. చెయ్యెత్తి ఆపి, కస్టమర్ కేర్‌కి ఫోన్ కొట్టాను. ఆరు నొక్కాను. పక్కన ఆటోలు, వెనక ట్రాలీ వాడి "సైడ్, సైడ్". ఆ అమ్మాయికి వినపడట్లేదు.

"ఐ! ఐ అమ్మా! ఐ ఫర్ ఇడ్లీ!"

"ఈ సార్?"

"ఈ కాదు. ఇడ్లీ! ఇడ్లీలో ఐ! ఎస్ ఫర్ సాంబార్!"

"ఇడ్లీ, సాంబార్. నంబర్ చెప్పండి సార్."

"పదమూడు వేల రెండు వందల యాభై రెండు!"

ఆమెకి తెలుగంకెలు రావు. నాకు హిందీలో ఇరవై దాటితే రాదు. అందుకని ఇంగ్లీషులో ఒక్కొక్క అంకే విడదీసి, మధ్యమధ్య ఇడ్లీ సాంబార్ గుర్తు చేస్తూ, గొంతు చించుకుని మూడుసార్లు చెప్పాను. నా వెనక మానిటర్ ఆయన పక్కవాణ్ణి కన్నడంలో "ఎష్టంతె?" అని అడిగాడు. పక్కవాడు "హదిమూరు సావిర" అన్నాడు. ఇద్దరూ నావైపు జాలిగా చూశారు. ఈ ఊళ్లో టిఫిన్ రేట్లు చూస్తున్నవాళ్లకి అది మరీ నమ్మరానిదిగా అనిపించలేదనుకుంటా.

"సార్, మీరు చెప్పిన మోడల్ మా సిస్టమ్‌లో లేదు" అంది. సిస్టమ్‌లో ఎందుకుండదో చూద్దామని సూపర్‌వైజర్‌ని పిలవమన్నాను. వినియోగదారుల ఫోరం పేరు కూడా ఎత్తాను. ఇక్కడ నాకు తల కొట్టేసినట్టయింది గాని, అప్పుడు కాదు, ఇంకో నిమిషం తర్వాత.

ఫోన్ పెట్టేశాక ఆ కుర్రాడు ఒక్క మాట మాట్లాడకుండా బల్ల మీదున్న లాప్‌టాప్ ఛార్జర్ తిరగేసి చూపించాడు. ఐఎస్ 13252. పాత ప్రింటర్ వంచాడు. ఐఎస్ 13252. ఒక మూలనుంచి పవర్ బ్యాంక్ తీశాడు. అదే. కరెంటుతో ఆడే కంప్యూటర్ సామాన్ల భద్రతకి బీఐఎస్ (మన దేశపు ప్రమాణాల సంస్థ) వాళ్లు పెట్టిన ప్రమాణం నంబరట అది. దేశంలో కొన్ని కోట్ల వస్తువుల వీపు మీద ఉంటుంది. నేను వినియోగదారుల ఫోరానికి లాగుతానన్నది భారతీయ ప్రమాణాన్ని.

"ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"నువ్వు ఫోన్‌లో ఉంటివి కదన్నా."

తర్వాత తెలిసిందేమిటంటే వాడికి మోడల్ అక్కర్లేదు. వాచీ వెనక రెండు ఇత్తడి చుక్కలుంటాయి, వాటి మధ్య ఎడం తెలిస్తే చాలు. 2.84 మిల్లీమీటర్లది ఒక రకం, 4 మిల్లీమీటర్లది ఒక రకం, 7.62 ఇంకో రకం. మొదటి కేబుల్ అయస్కాంతం వాచీ దగ్గరికి రాగానే పెళ్లిచూపుల్లో నచ్చని పిల్లలా వాచీ పక్కకి తిరిగిపోయింది. రెండోది టప్పున అతుక్కుంది. నూట యాభై రూపాయలు. రెండు నిమిషాల పని. కస్టమర్ కేర్ వాళ్లు వారం రోజుల నుంచి నన్ను పేరు, గోత్రం అడుగుతున్నారు గాని, ఈ చుక్కల ఎడం ఎంత అని ఒక్కరూ అడగలేదు.

వాచీ లేచింది. వెంటనే అబౌట్‌లోకి వెళ్లాను. మోడల్ అని ఉంది. దాని ఎదురుగా "స్మార్ట్ వాచ్" అని ఉంది.

డబ్బులిచ్చి వచ్చేస్తే బాగుండేది. "పోనీ అసలిది ఏ మోడలో కనుక్కునే దారే లేదా?" అని అడగడం నా ఖర్మ. కుర్రాడు ఐఎస్ కింద ఆర్‌తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు చదివాడు. వాడికి ఇరవై రెండేళ్లుంటాయి, కళ్లు గద్ద కళ్లు. ఆ నంబరు బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొడితే, ఎవరు తయారుచేశారు, ఏ బ్రాండు, ఏ వస్తువు అన్నీ వస్తాయట. కొట్టాడు. చూశాడు. మళ్లీ వాచీ చూశాడు. మళ్లీ కొట్టాడు.

"అన్నా, ఇది సెట్ టాప్ బాక్స్."

పట్టీ మీదున్న కంపెనీ పేరు ఆ తెరమీద ఎక్కడా లేదు. పట్టీ మీద ఉన్న పేరు వాచీది కూడా అయ్యుంటుందనుకోవడం నా తెలివితక్కువతనం. ఎవరో ఎక్కడిదో నంబరు తెచ్చి వీపు మీద గుద్దేశారు. సంక్రాంతి దాకా రోజూ నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టింది ఒక సెట్ టాప్ బాక్స్. ఆ లెక్కలు మా డాక్టరుగారికి చూపించాను కూడా. బాగానే ఉంది, కాస్త ఉప్పు తగ్గించండి అన్నారు. నేనెందుకు తగ్గించాను?

పన్నెండు వేల సంగతి మా ఆవిడకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ మెట్రో మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. సూపర్‌వైజర్. సాక్షాత్తూ తెలుగులోనే మాట్లాడాడు, అదొక్కటే నిన్నటి రోజుకి మంచి.

"సార్, మీ ఫిర్యాదు చూశాం. మోడల్ ఏమైనా తెలిసిందా సార్?"

"తెలిసింది. సెట్ టాప్ బాక్స్."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు.

"అలాగా సార్. లైన్‌లో ఉండండి, టీవీ విభాగానికి కలుపుతాను."