ముందు ఇంట్లో చెప్పనివ్వండి

ఈ జనవరిలో సంక్రాంతికి అమెరికా నుంచి విజయనగరం వెళ్ళి మా అక్క ఇంట్లో దిగాను. పండక్కి ఇంకా వారం ఉంది. అక్క అరిసెల పాకం పట్టే పనిలో ఉండగా, రాత్రి తొమ్మిదింటికి నా మేనల్లుడు ఫోన్ చేశాడు. అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. "మావయ్యా, అమ్మ పక్కనుందా?" అన్నాడు మొదటి మాటగా. లేదన్నాను. "అయినా కొంచెం వీధిలోకి వెళ్ళి మాట్లాడు." వెళ్ళాను. "నన్ను సస్పెండ్ చేశారు మావయ్యా. అప్పీలుకి నాలుగు రోజులే ఉంది. అమ్మకీ నాన్నకీ చెప్పకు."

ఆ ఉత్తరం వాడికి డిసెంబరు మూడో వారంలోనే వచ్చింది. దాన్ని పెట్టుకుని రెండు వారాలు గదిలో కూర్చున్నాడు. కాలేజీ ఇచ్చిన గడువులో ఎక్కువ భాగం, ఇంట్లో ఎలా చెప్పాలా అనే టెన్షన్‌కే పోయింది. నేనిది రాస్తున్నది ఆ రెండు వారాల గురించే.

సస్పెన్షన్ అనగానే మనవైపు కొట్లాటో, ర్యాగింగో గుర్తొస్తుంది. ఇది మార్కుల వ్యవహారం. అమెరికాలో చాలా కాలేజీల్లో బ్యాచిలర్స్ వాళ్ళకి జీపీఏ, అంటే గ్రేడుల సగటు, 2.0 కన్నా, మాస్టర్స్ వాళ్ళకి 3.0 కన్నా తగ్గకూడదు. తగ్గితే ముందు ప్రొబేషన్, అంటే హెచ్చరిక; అప్పటికీ పెరగకపోతే సస్పెన్షన్. మన దగ్గర సబ్జెక్టు పోతే సప్లీ రాసుకుంటారు. నాలుగు బ్యాక్‌లాగ్స్ పెట్టుకుని కూడా పై సెమిస్టర్ చదివేస్తారు. అక్కడ సప్లీ ఉండదు. ఒక్క ఎఫ్ గ్రేడు సగటును కిందికి లాగుతూనే ఉంటుంది. మావాడు దాన్ని ఒక్క సెమిస్టర్‌లో లేపేద్దామని అదనంగా ఇంకో కోర్సు నెత్తినేసుకుని మరీ మునిగాడు.

పైగా వాడిది ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా. ఫుల్ టైమ్ చదవకపోతే ఆ హోదా నిలవదు. సస్పెన్షన్ అమల్లోకి వస్తే సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల గురించి అక్కడి ప్రభుత్వం ఉంచే రికార్డు) రద్దయ్యే ప్రమాదం ఉంది. చదువు పూర్తయిన వాళ్ళకి దేశం వదలడానికి దొరికే 60 రోజుల వెసులుబాటు అప్పుడు దొరకదు. అందుకే ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి వెళ్ళి, అప్పీలు తేలేదాకా రికార్డు ఏమవుతుంది, ఒప్పుకోకపోతే ఇంకో కాలేజీకి ట్రాన్స్‌ఫర్ కుదురుతుందా అని అడగమన్నాను. అప్పటిదాకా వాడు ఆ ఆఫీసు గుమ్మం తొక్కలేదు. భయపడ్డాడు పాపం.

"అమ్మకి చెప్పకు" అన్న షరతుకి మాత్రం ఒప్పుకోలేదు. అరగంట ఇస్తాను, నువ్వే చెప్పు అన్నాను. చెప్పాడు. అక్క ఏడ్చింది. బావగారు కేకలేశారు. అప్పు మాట వచ్చింది, పరువు మాట వచ్చింది, వీధిలో ఎవరి కొడుక్కి ఏ ఉద్యోగం వచ్చిందో ఆ మాటా వచ్చింది. గంట తర్వాత బావగారు తేరుకుని, మనవైపు తండ్రులకి తోచే ఉపాయమే చెప్పారు: "తెలిసిన డాక్టరున్నాడు. టైఫాయిడ్ అని సర్టిఫికెట్ రాయిస్తాను."

మనం బడిలో నేర్చుకున్న మొదటి అర్జీ సెలవు చీటీ. "జ్వరముగా ఉన్నందున పాఠశాలకు రాలేకపోవుచున్నాను." పెళ్ళికి వెళ్ళినా జ్వరమే, తిరనాళ్ళకి వెళ్ళినా జ్వరమే. ఇంజనీరింగ్‌లో హాజరు 75 శాతానికి తగ్గితే అదే చీటీ డాక్టరు సంతకంతో, కండోనేషన్ ఫీజుతో ప్రిన్సిపాల్ గదికి వెళ్తుంది. చాలాసార్లు అది అబద్ధమని ఇచ్చేవాళ్ళకీ తెలుసు, పుచ్చుకునేవాళ్ళకీ తెలుసు. అలాంటి కాగితమే అమెరికా కాలేజీ కమిటీకి ఇస్తే, బయటపడిన రోజున మార్కుల సమస్య కాస్తా మోసం కేసవుతుంది. మార్కులు తగ్గినవాణ్ణి మళ్ళీ రానిస్తారు. దొంగ కాగితం పెట్టినవాణ్ణి రానివ్వడం కష్టం. నాకు ఇంతకన్నా బాధ కలిగించింది ఇంకొకటుంది. నిజంగా జరిగింది కమిటీకి చెప్పుకోదగ్గదే. మావాళ్ళకి అదొక కారణంలాగే అనిపించలేదు.

కిందటి మార్చిలో వాడి నాయనమ్మ పోయింది. వాణ్ణి పెంచింది ఆవిడే. వాడికి పరీక్షలున్నాయని, తెలిస్తే చదువు పాడు చేసుకుంటాడని ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పొద్దన్నారు, నేనూ ఊరుకున్నాను. పన్నెండో రోజు కూడా అయిపోయాక, చిన్నాన్న కొడుకు వాట్సాప్ స్టేటస్‌లో దండ వేసిన ఫొటో చూసి వాడు తెలుసుకున్నాడు. ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాట అడగలేదు. క్లాసులకి వెళ్ళడం మానేశాడు. మే నెలలో ప్రొబేషన్ ఉత్తరం వస్తే, "వాళ్ళు నాకు చెప్పారా, నేను వాళ్ళకి చెప్పడానికి" అనుకున్నాడట. ఈ మాట ఆ రాత్రి ఫోన్‌లో అన్నప్పుడు బావగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

వాడు అప్పటికి రాసుకున్న అప్పీలు చూశాను. ఏఐ చేత రాయించాడు. అనివార్య పరిస్థితులతో మొదలై, దయతో ఒక్క అవకాశం ఇప్పించమని ప్రార్థనతో ముగిసింది. కింద ఎవరు సంతకం పెట్టినా సరిపోతుంది. అది పక్కన పెట్టి, నాయనమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి అమ్మకి చెప్పినట్టు తెలుగులో చెప్పమన్నాను. అక్క పక్కనే కూర్చుని వింది. ఆ చెప్పిందే వాడు తర్వాత తన ఇంగ్లీషులో రాశాడు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిన గురజాడ అప్పారావు గారిది ఈ ఊరే. మాట్లాడే తెలుగే రాయాలని ఆయనతో పాటు పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది పక్కన శ్రీకాకుళం జిల్లాలో. విశ్వవిద్యాలయాన్ని బతిమాలకుండా, ఉదాహరణలు చూపి వాదించవచ్చని వాళ్ళు వందేళ్ళ కిందటే చూపించారు. వాడికి ఆ రాత్రి ఈ సంగతి చెప్పాను కూడా.

ఉత్తరంలో ముందు ఏ సెమిస్టర్, ఏ సబ్జెక్టులు, ఎంత జీపీఏ అన్నది రాశాడు. తర్వాత జరిగింది, తేదీలతో. తర్వాత తన తప్పు: సాయం అడగలేదు, ప్రొబేషన్‌లో ఉండి ఎక్కువ కోర్సులు తీసుకున్నాడు. ప్రొఫెసర్ల మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఆఖర్న, ఇకమీద ఏం చేస్తాడో. మూడే కోర్సులు, అందులో ఒకటి పోయిన సబ్జెక్టే. కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ అప్పటికే తీసుకున్నాడు, ఆ తేదీ వేశాడు. కమిటీ ముఖ్యంగా చూసేది ఈ ఆఖరి భాగమే. నిరుడు జరిగింది మళ్ళీ జరగదన్న నమ్మకం వాళ్ళకి కలగాలి.

గడువు అమెరికాలో సాయంత్రం ఐదు, విజయనగరంలో తెల్లవారుజామున మూడున్నర. టైఫాయిడ్ సర్టిఫికెట్ మాట బావగారు మళ్ళీ ఎత్తలేదు. వాళ్ళమ్మ మరణ ధృవీకరణ పత్రం బీరువాలోంచి తీసి, స్కాన్ చేయించి తెచ్చారు. మూడింటికి వాడు అన్నీ కలిపి పంపాడు.

క్లాసులు మొదలయ్యే ముందు జవాబొచ్చింది. షరతులతో ఒప్పుకున్నారు. అందరికీ ఇలా జరగదు. నాకు తెలిసిన ఇంకో అమ్మాయి ఇంతే నిజాయితీగా రాసినా ఒప్పుకోలేదు. ఆ పిల్ల ఇంట్లో అప్పటికే తెలుసు కాబట్టి, వాళ్ళు కూర్చుని మాట్లాడుకుని వేరే కాలేజీ చూసుకున్నారు.

అమెరికాలోనే పుట్టి పెరిగిన మన పిల్లల సంగతీ ఇదే. విద్యార్థుల రికార్డుల గోప్యతకి 1974లో అక్కడ చేసిన ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరాక మార్కుల మీద హక్కు విద్యార్థిదే. ఫీజు కట్టేది మనమైనా, పిల్లలు అనుమతి ఇవ్వకపోతే కాలేజీ సాధారణంగా మనకి చెప్పదు. అంటే కబురు పిల్లల నోటి నుంచే రావాలి. ఫెడరల్ ఎయిడ్ (చదువుకి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆర్థిక సాయం) తీసుకునే వాళ్ళయితే సీటుకి ఒక అప్పీలు, ఎయిడ్‌కి ఇంకో అప్పీలు విడిగా పెట్టుకోవాలి. సీటు వచ్చిందని ఊరుకుని, ఎయిడ్ ఆగిపోయాక కంగారుపడిన ఇళ్ళున్నాయి.

అమెరికాలో మన తెలుగు సంఘం కొత్తగా వచ్చే విద్యార్థులకి విమానాశ్రయంలో స్వాగతం చెబుతుంది, మొదటి వారం భోజనం పెడుతుంది. అది మంచి పనే. ఇలాంటి ఉత్తరాలొచ్చే డిసెంబరు మూడో వారంలోనూ, మే నెలలోనూ ఒక ఫోన్ నంబరు కూడా పెడదాం. ఫోన్ ఎత్తేవాళ్ళు ఉత్తరం రాసిపెట్టక్కర్లేదు. పిల్లలు చెప్పేది వినాలి, రాసింది చదవాలి, కావాలంటే వాళ్ళు ఊరికి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోవాలి. ఆ జాబితాలో మొదట నా పేరు రాసుకోండి.