దగ్గంటే సిరప్పేనా?

మా బన్నీ తెల్ల పామరేనియన్. 10 ఏళ్లు, 6 కిలోలు. పోయిన దసరా నుంచి దగ్గు మొదలైంది. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు దగ్గి, చివర్లో కక్కబోయి ఊరుకునేది. సంక్రాంతి వచ్చేసరికి మూడు రకాల సిరప్‌లు, రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ అయిపోయాయి. అన్నిసార్లు తిరిగినా దాని ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టినవాళ్లు లేరు. ఏ క్లినిక్కో చెప్పను, తిట్టించడానికి రాయట్లేదు.

చివరికి హనుమకొండలోనే ఇంకో డాక్టర్ దగ్గరికి పోయాం. ఆయన ముందు ఫ్యాన్ ఆపించి, ఎడమ మోచేతి వెనక స్టెతస్కోప్ పెట్టి, నిమిషం సేపు మాట్లాడలేదు. తర్వాత నా చెవులకు పెట్టి వినమన్నారు. లబ్ డబ్ లేదు. కుక్కర్ విజిల్‌కు ముందు వచ్చే ఆవిరిలా ఉస్ ఉస్ అంటోంది. దాన్నే మర్మర్ అంటారట.

గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య మైట్రల్ వాల్వ్ ఉంటుంది. చిన్న జాతి కుక్కల్లో వయసు మీద పడేకొద్దీ దాని రెక్కలు మందమై, గడ్డలు కట్టి సరిగా మూసుకోవు. గుండె కొట్టుకున్నప్పుడల్లా కొంత రక్తం వెనక్కి లీకై పై గది ఉబ్బుతుంది, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కుక్కల గుండె జబ్బుల్లో ఎక్కువ భాగం ఇదే. పామరేనియన్, షిట్జూ, డాష్‌హండ్... మన వీధుల్లో కనిపించేవి చాలావరకు ఈ లిస్టులోవే. ఇక ఇది కొలెస్ట్రాల్ కాదు మహాప్రభో! "నెయ్యన్నం పెట్టి పెట్టి గుండెకు పట్టిచ్చినవ్" అని మా పక్కింటి పెద్దమ్మ ఇప్పటికీ నన్నే అంటుంది.

నా కోపమల్లా టీకాల రోజుల మీద. ఏటా తీసుకుపోయాం. సూది, పుస్తకంలో స్టిక్కర్, డబ్బులు, బయటికి. దగ్గు రాకముందే, కొన్నేళ్ల ముందే మర్మర్ వినిపిస్తుంది. దానికి కావాల్సింది ఒక నిమిషం. మర్మర్ ఉండి, ఎక్స్‌రేలో, ఎకోలో (గుండెకు తీసే స్కానింగ్) గుండె పెరిగిందని తేలితే, ఇంకా దగ్గూ ఆయాసం లేకున్నా పిమోబెండన్ అనే గుండె గోలీ మొదలుపెట్టొచ్చు. 360 కుక్కల మీద చేసి 2016లో వెలువరించిన ఎపిక్ స్టడీలో, ఆ గోలీ వేసుకున్న కుక్కలకు గుండె ఫెయిల్ కావడం సుమారు 15 నెలలు వెనక్కి పోయింది. కుక్క బతుకులో 15 నెలలంటే తక్కువా?

అట్లని మర్మర్ వినపడగానే గోలీలు మింగించేయడం కూడా తప్పే. మా ఫ్రెండ్ కుక్కకు గుండె సైజు మామూలుగానే ఉంది, ఆయాసం లేదు, అయినా లాసిక్స్ రాసిచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరే లేనప్పుడు నీరు తీసే మందు దేనికి? పామరేనియన్లకు శ్వాసనాళం కుంగినా దగ్గొస్తుంది. అందుకే ఫోటో తీసి చూడాలి. ఎక్స్‌రేలో గుండె పొడవూ వెడల్పూ ఎన్ని వెన్నుపూసలంత ఉన్నాయో కొలుస్తారు, రెండూ కలిపి 10.5 వెన్నుపూసలు దాటితే గుండె పెరిగిందేమోనని అనుమానించాలి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు మనది, అయినా "కుక్కకు ఎకో ఏందన్నా?" అని నవ్వేవాళ్లకు కొదవలేదు. నేను జనగామ మీదుగా హైదరాబాద్ పోయి తీయించుకొచ్చాను. నవ్వుకోనీ.

బన్నీ విషయంలో ఆలస్యమైంది. ఎక్స్‌రే నాటికే ఊపిరితిత్తుల్లో నీరుంది. ఇప్పుడు లాసిక్స్, పిమోబెండన్ రెండూ నడుస్తున్నాయి, మధ్యమధ్య కిడ్నీల కోసం రక్తపరీక్ష. పిమోబెండన్ తిండికి గంట ముందు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఉప్పు ఎక్కువని అప్పడాలు, మిర్చి బజ్జీలు బంద్.

మీ ఇంట్లో పెద్ద వయసు చిన్న కుక్క ఉంటే ఈ రాత్రే ఒక పని చేయండి. అది గాఢంగా నిద్రపోయాక, పొట్ట లేచి పడితే ఒకటి అని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. 30 లోపు ఉండాలి. రోజూ అంతకు మించుతుంటే డాక్టర్‌కు చెప్పండి. బన్నీకి ఆ జనవరిలో 44.

ఈ లెక్క ఇప్పుడు మా అమ్మ డ్యూటీ. "మీ నాయిన గోలీలకే యాది ఉంటలేదు, ఇగ దీనివి సుత నేనే చూడాల్నా" అని మొదట్లో గొణిగింది. నిన్న రాత్రి టీవీ మ్యూట్ చేసి, కూలర్ పక్కన పడుకున్న బన్నీ ముందు ఫోన్ పట్టుకుని కూర్చుంది. నేను ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత లేచి క్యాలెండర్‌లో పాల లెక్క కింద 26 అని రాసుకుంది.