బొమ్మతో పాటు లీజు కూడా

పాత బజారును బాగుచేసే పథకం ఎక్కడ మొదలైనా ఈమధ్య దాని వెంట ఒక కళా కార్యక్రమం కూడా వస్తోంది. షట్టర్ల మీద దుకాణదారుల బొమ్మలు గీస్తున్నారు, ఫొటో ప్రదర్శనలు పెడుతున్నారు, వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తున్నారు. ఏళ్ల తరబడి కౌంటర్ వెనక కూర్చున్న మనిషిని ఊరు ఒకసారి ఆగి చూడడం మంచిదే. మేం దీన్ని స్వాగతిస్తున్నాం. కానీ బొమ్మ రంగు వెలిసేలోపే ఆ మనిషి దుకాణం ఖాళీ చేయాల్సి వస్తే, ఈ సంబరం ఎవరికోసం చేసినట్టు? షట్టరు మీద గీసిన బొమ్మ దుకాణం మూసినప్పుడే కనిపిస్తుందన్న చిక్కు ఎలాగూ ఉంది.

కళాకారుల పని తక్కువదని మేం అనడం లేదు. ప్లాను కాగితాల్లో దుకాణమంటే ఒక నంబరు, ఇన్ని చదరపు అడుగులు. నెలాఖరులో అక్కడ ఎవరికి అరువు దొరుకుతుందో, ఒంటరిగా ఉండే పెద్దాయన రెండు రోజులు కనపడకపోతే ముందుగా ఆరా తీసేది ఎవరో ఆ కాగితాలకు తెలియదు. ఓపిగ్గా కూర్చుని మాట్లాడించే ఫొటోగ్రాఫరో చిత్రకారుడో ఇవన్నీ బయటికి తెస్తారు. ఇంగ్లండ్‌లో పాత కట్టడాల సంరక్షణ చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ 2020 నుంచి 2024 దాకా 60కి పైగా పాత బజారు వీధుల్లో 9.5 కోట్ల పౌండ్ల పథకం నడిపింది. మరో రెండు సంస్థలతో కలిసి సాంస్కృతిక కార్యక్రమాలకు 74 లక్షల పౌండ్ల నిధి కూడా పెట్టింది. ప్రారంభోత్సవం రోజు హడావిడిగా కట్టే తోరణంలా కాకుండా, కళకు పథకంలోనే చోటివ్వడం మెచ్చుకోదగ్గది.

అయితే చిన్న వ్యాపారిని ముంచేది అద్దె. వీధి అందంగా తయారైతే అద్దె పెరుగుతుంది. బొమ్మలు చూడ్డానికి జనం వస్తే ఇంకాస్త పెరుగుతుంది. అంటే తన బొమ్మే తన మెడకు చుట్టుకోవచ్చు. స్పెయిన్‌లో పాత అద్దెకే కొనసాగేందుకు 1994 నాటి అద్దె చట్టం పాత దుకాణాలకు ఇచ్చిన 20 ఏళ్ల గడువు 2014 చివరితో తీరిపోయింది. ఆ దెబ్బకు బార్సిలోనాలో తరాలుగా నడిచిన దుకాణాలు మూతపడ్డాయి. వాటికి పేరుంది, అభిమానులున్నారు. కొత్త అద్దె కట్టే స్తోమతే లేదు.

జనం మరీ ఎక్కువైనా ఇబ్బందే. దక్షిణ కొరియా రాజధాని సోల్‌లోని ఇహ్వా వాడలో 2006లో ప్రభుత్వ పథకం కింద గోడలకూ మెట్లకూ బొమ్మలు వేశారు. సందర్శకుల గోల భరించలేక 2016లో అక్కడివాళ్లే కొందరు మెట్ల మీది బొమ్మలపై రంగు పూసేశారు.

శాన్‌ఫ్రాన్సిస్కో దారి వేరు. 30 ఏళ్లు దాటిన వ్యాపారాలకు 2015లో ఒక రిజిస్టరు పెట్టింది. అదే ఏడాది నవంబరులో ఓటర్లు ఒక నిధికి ఆమోదం తెలిపారు. అలాంటి దుకాణానికి కనీసం 10 ఏళ్ల లీజు రాసిచ్చే భవన యజమానికి అందులోంచి గ్రాంటు వస్తుంది. గౌరవం అంటే ఇలా కాగితం మీదికి రావాలి. దానివల్ల అన్ని దుకాణాలూ బతికిపోతాయని కాదు. యజమానికి కూడా లాభం చూపించడం తెలివైన పని, అంతే.

అందుకే పురపాలక సంస్థలను మేం కోరేది ఇది. రోడ్డు తవ్వకముందే ప్రతి దుకాణదారుకూ తిరిగి వచ్చే హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి. బారికేడ్లు, దుమ్ము మధ్య బేరాలు పడిపోయే నెలల్లో అద్దెలోనో పన్నులోనో ఊరట ఉండాలి. బొమ్మకు ఒప్పుకోని వ్యాపారి మీద ఒత్తిడి తేకూడదు. ఒప్పుకున్నవాళ్లు కూర్చున్న సమయానికి డబ్బు ఇవ్వాలి, కళాకారుడికి ఇస్తున్నట్టే. రికార్డు చేసిన మాటలు ప్రదర్శన అయ్యాక మూలన పడేయకుండా ప్లాను ఫైల్లో చేర్చాలి. షట్టరే లేని పేవ్‌మెంట్ వ్యాపారులను ఈ పథకాలు చాలాసార్లు మరిచిపోతాయి. బొమ్మల జాబితా సిద్ధం చేసేటప్పుడే వాళ్లకు ఏ చోటు కేటాయిస్తారో కూడా తేల్చాలి.