టికెట్ పెంచితే రద్దీ తగ్గుతుందా? నేలపట్టు మీదికి వచ్చిన వాట్సాప్ లెక్క

నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అమెరికాలో నేషనల్ పార్కుల పాస్ రేటు మూడింతలు చేశారట, దాంతో జనం పలచబడ్డారట, కాబట్టి మన నేలపట్టు పక్షుల అభయారణ్యంలోనూ టికెట్ 500 రూపాయలు చేస్తే రద్దీ పోయి పక్షులు బతికిపోతాయట. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు గనక, చూసొచ్చినవాళ్ల మాటలా ఇది చెలామణి అవుతోంది. వినడానికి సబబుగానే ఉంది. విడదీసి చూస్తే ఏ ముక్కా నిలబడదు.

ముందు ఆ మూడింతల సంగతి. 2026 జనవరి 1 నుంచి 250 డాలర్లు అయింది విదేశీయుల ఏడాది పాస్ మాత్రమే, అంటే ఒకసారి కొంటే ఏడాదంతా ఏ నేషనల్ పార్కుకైనా చెల్లేది. అక్కడ కాపురం ఉన్నవాళ్లకు ఇప్పటికీ 80 డాలర్లే. 2007లో ఆ పాస్ పెట్టినప్పుడూ అంతే. దీనికి తోడు ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ లాంటి 11 పార్కుల్లో, ఏడాది పాస్ లేని విదేశీయులు 16 ఏళ్లు నిండినవాళ్లయితే మామూలు టికెట్ మీద తలకు 100 డాలర్లు అదనంగా కట్టాలి. ఆ పార్కులకు వచ్చే జనంలో ఎక్కువమంది అమెరికావాళ్లే. వాళ్ల జేబు నుంచి కొత్తగా ఒక్క డాలరూ పోనప్పుడు గుంపు ఎందుకు పలచబడుతుంది? అక్కడి ప్రభుత్వం కూడా ముందుగా చెప్పిన మాట పన్ను కట్టే సొంత పౌరులకు తక్కువ, బయటివాళ్లకు ఎక్కువ అని. వచ్చిన డబ్బు పార్కుల బాగోగులకట.

ఇక రేటు పెరిగితే జనం ఆగుతారన్న మాట. 2017లో 17 పెద్ద పార్కుల్లో సీజన్ నెలలకు కారు టికెట్ 70 డాలర్లు చేద్దామనుకున్నారు. లక్షకు పైగా అభిప్రాయాలు వచ్చాయి, ఎక్కువ భాగం వద్దనే. 2018లో ఆ ఆలోచన మానుకుని 30ని 35 చేసి ఊరుకున్నారు. 2024లో దేశం మొత్తం మీద పార్కుల సందర్శనలు 33 కోట్ల 19 లక్షలకు చేరి రికార్డు కొట్టాయి. సగానికి పైగా పార్కుల్లో అసలు టికెట్టే లేదు కాబట్టి దీన్నే తిరుగులేని రుజువు అననులెండి. కానీ 35 డాలర్లంటే ఏమిటో చూడండి. అది కారుకు, ఏడు రోజులకు. కారులో ఐదుగురుంటే మనిషికి రోజుకు ఒక డాలరు. విమానం, హోటలు, అద్దె కారు ఖర్చు పెట్టుకుని వచ్చినవాడు ఆ డాలరు చూసి వెనక్కి తిరుగుతాడా?

గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అనే పార్కు ఉచితం కాబట్టే అన్నిటికంటే ఎక్కువ జనం అక్కడికే పోతారని కొందరు ఎదురు వాదిస్తున్నారు. ప్రవేశ రుసుము లేని మాట నిజమే. కానీ 2023 మార్చి నుంచి అక్కడ బండి ఆపాలంటే రోజుకు 5 డాలర్ల చీటీ కొనాలి. ఆ ఏడాది సందర్శనలు అంతకు ముందు ఏడాది కంటే పెరిగి 1 కోటీ 30 లక్షలు దాటాయి.

అసలు చిక్కు పాస్‌లోనే ఉంది, మెసేజ్ రాసినవాళ్లు పట్టించుకోనిదీ అదే. విజిటింగ్ వీసా మీద కొడుకు దగ్గరికి వెళ్లిన మన ఊరి పెద్దాయన్ని తీసుకోండి. ఆ 11 పార్కుల్లో మూడు చూస్తే అదనపు రుసుమే 300 డాలర్లు. పాస్ 250. ఎవరైనా పాసే కొంటారు. కొన్నాక ఏమంటారు? "ఎటూ కట్టాం గదా, దోవలో అదీ చూసేసి పోదాం." నాలుగో పార్కుకు పైసా ఖర్చు లేదు మరి. మనిషిని ఆపుతుందనుకున్న పాస్ ఇంకో గేటుకు తోలుతుంది.

పైగా ఆ పాస్‌కు తెల్లారి ఆరు గంటలైనా, పదకొండైనా ఒకటే. ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట గంటన్నరకు అటూ ఇటూగా ఒకసారి ఎగజిమ్ముతుంది. ఎండాకాలం మధ్యాహ్నమైతే అది చిమ్మేదాకా బెంచీల మీద వందల మంది కాచుకుని ఉంటారు, కొద్ది నిమిషాల్లో చిమ్మడం అయిపోతుంది, అందరూ ఒక్కసారే పార్కింగ్ మీద పడతారు. చలికాలంలో అదే చోట మనిషి అరుదు. రద్దీ అంటే ఫలానా చోట, ఫలానా గంటలో పడే ఒత్తిడి. ఏడాదికొకసారి కట్టే డబ్బు దాన్నేం చేస్తుంది?

అందుకే అక్కడివాళ్లు రద్దీకి వేరే మందు వాడారు. జయాన్ పార్కు లోయలోకి 2000లోనే షటిల్ బస్సులు పెట్టి, సీజన్లో సొంత కార్లు ఆపేశారు. అక్కడి ఏంజెల్స్ ల్యాండింగ్ కొండ ఎక్కాలంటే 2022 నుంచి లాటరీలో పర్మిట్ రావాలి. ఆర్చెస్ పార్కులో అదే ఏడాది గంటల వారీగా ముందస్తు బుకింగ్ మొదలుపెట్టారు. మన దేశంలోనూ పులుల అభయారణ్యాల్లోకి ఎన్ని బండ్లు పోవచ్చో లెక్కగట్టే పద్ధతిని 2012 మార్గదర్శకాల్లోనే పెట్టారు. శ్రీశైలం దారిలో దోర్నాల దాటాక తుమ్మలబైలులో సఫారీ జీపు ఎక్కినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. జీపులు అయిపోతే అయిపోయినట్టే, జేబులో ఎంత ఉన్నా.

ధర ఎక్కడా పనిచేయదని నేననను. తాజ్‌మహల్‌లో 2018 డిసెంబరు నుంచి లోపలి సమాధి మందిరానికి విడిగా 200 రూపాయలు పెట్టారు. అది బాగా ఇరుకైన ఒక్క చోటికి వేసిన రుసుము, గేటుకు కాదు. వేస్తే గిస్తే అలా వేయాలి.

ఇప్పుడు నేలపట్టు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతిలోకి పోయినా నెల్లూరోళ్లకు అది మనదే. అక్కడ జనం గుమిగూడేది శీతాకాలం ఆదివారాలు, ఫ్లెమింగో ఫెస్టివల్ రోజులు. ఫెస్టివల్‌కు బడిపిల్లల్ని మనమే బస్సులెక్కించి తీసుకొస్తాం. టికెట్‌తో దానికి పనేముంది? మిగతా రోజుల్లో 500 పెడితే చెన్నై నుంచి కారులో వచ్చినవాడు కట్టి లోపలికి పోతాడు. సూళ్లూరుపేట నుంచి ఆటోలో నలుగురు వస్తే 2,000 అవుతుంది, వాళ్లే మానేస్తారు. గూడబాతుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలమని తరతరాలుగా వాటిని కాపాడుకుంటూ వచ్చింది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లేనన్నది కూడా గుర్తుంచుకోండి. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు పెట్టిన పక్షికి కట్ట మీది కేకలు, సెల్ఫీ కోసం కిందికి దిగే కాళ్లు ఇబ్బంది. 500 కట్టినవాడు గొంతు తగ్గించుకుంటాడా? నాకైతే ఇంకా హక్కుగా అరుస్తాడనిపిస్తుంది.

ఇంకొక్క మాట మెసేజ్‌లో లేదు. అమెరికాలో 2004 చట్టం ప్రకారం వసూలైన రుసుములో సాధారణంగా 80 శాతం ఆ పార్కుకే దక్కాలి. ఇక్కడ ఆ 500 ఎక్కడికి పోతుంది? కాపలాకు, ఆదివారం గంటల వారీ చీటీలు ఇచ్చే మనిషికి అని రాసిస్తే 20 రూపాయలు ఎక్కువ కట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు కూడా రద్దీని తగ్గించేది ఆ చీటీయే.