విక్రాంత్‌కి ఎడమచేతి వాటం

మా మావయ్యగారు 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్ మీద పనిచేశారు. డిసెంబరు 4న కాక్స్ బజార్ మీదికి సీ హాక్ యుద్ధవిమానాలు ఎగిరింది ఆ డెక్కు మీంచేనని ఏటా నేవీ డేకి చెబుతారు. ఈసారి ఆ ఓడని ఆయిల్ పెయింటింగ్ వేయించి ఇద్దామనుకున్నాను. హాల్లో గోడకున్న ఓడ ఫోటోని ఆయన ఎదురుగా ఫోన్లో తీయలేక, సెల్ఫీ దిగుతున్నట్టు నటించి, తర్వాత నన్ను కత్తిరించేసి, పెయింటర్‌కి పంపాను. పదివేలు అడ్వాన్సు.

నాలుగో తారీఖు పొద్దున్న టర్పెంటైన్ కంపుతో మూడడుగుల కాన్వాసు దిగింది.

మావయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడిచారు. అత్తయ్యగారు పాయసం గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయారు. పాపం, గొంతు పూడుకుపోయిందనుకుని నేను వీడియో తీస్తున్నాను.

"అల్లుడుగారూ, ఐలాండ్ ఎడమ పక్కకి వచ్చిందేమిటండీ?"

అప్పట్లో ఓడ అండమాన్‌లో ఉండేదని ఆయనే వందసార్లు చెప్పారు కదా. "అండమానేనండీ, దూరంగా వేయమని నేనే చెప్పాను" అన్నాను.

ఐలాండ్ అంటే డెక్కు మీద పొగగొట్టం, బ్రిడ్జి ఉండే మేడట. అది కుడి పక్కనే ఉండాలట. ఎడమ పక్కన పెట్టి జపాన్ వాళ్ళు రెండే రెండు ఓడలు దింపారట, అకాగి, హిర్యూ అని.

"ఏమయ్యాయండీ అవి?" ఏదో ఒకటి అనాలి కదా, అడిగాను.

"1942లో మిడ్‌వే యుద్ధంలో రెండూ మునిగిపోయాయి" అని పాయసం అందుకున్నారు.

పెయింటర్‌కి ఫోన్ చేశాను. "మీ ఫోటోలో అలాగే ఉంది సార్" అన్నాడు. నిజమే, సెల్ఫీలో నా ఫోను కుడిని ఎడమ చేస్తుందని నాకేం తెలుసు! కానీ ఆర్11 అన్న ఓడ నెంబరు మాత్రం శుభ్రంగా, తిన్నగా వేశాడే! అంటే ఫోటో తిరగబడిందని మహానుభావుడికి తెలుసు. ఒక అక్షరాన్ని తిప్పి, 19 వేల టన్నుల పైచిలుకు ఓడని అలాగే వదిలేశాడు. అదే అడిగితే, "ఓడ తిప్పాలంటే చార్జీ వేరే సార్" అన్నాడు.

అత్తయ్యగారు బొమ్మని బీరువా అద్దానికి ఎదురుగా తగిలించారు. మావయ్యగారు ఇప్పుడు విక్రాంత్‌ని అద్దంలోనే చూస్తున్నారు. ఐలాండ్ కుడి పక్కకి వచ్చింది. నెంబరే తిరగబడింది. దానికి చార్జీ ఎంతో కనుక్కోమంటున్నారు.