‘వైటాన్ వేసేయ్’ అనే జబ్బు

జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా బల్క్ డ్రగ్ యూనిట్ మెయింటెనెన్స్‌లో ఓరింగుల (జాయింట్లు లీకవకుండా వేసే గుండ్రటి రబ్బరు సీళ్ల) గురించి ఎక్కువగా వినపడేవి రెండే మాటలు. మామూలుగా అయితే నైట్రైల్ రబ్బరు, ‘మంచిది’ కావాలంటే వైటాన్. ఈ రెండో మాటతోనే పేచీ. ఖరీదైన రబ్బరు కాబట్టి దేన్నైనా తట్టుకుంటుందన్న నమ్మకం ఎంతగా పాతుకుపోయిందంటే, సీలు లీకైతే షాఫ్టును అనుమానిస్తారు, బేరింగును అనుమానిస్తారు, చివరికి బిగించిన ఫిట్టర్నీ అనుమానిస్తారు. రబ్బరు జోలికి మాత్రం పోరు.

వైటాన్ అంటే ఎఫ్‌కేఎం అనే ఫ్లోరిన్ రబ్బరుకు డ్యూపాంట్ 1957లో పెట్టిన వ్యాపార నామం. నూనెలు, పెట్రోలు, టోలిన్, 200 డిగ్రీల దాకా పొడి వేడి... వీటికి దానిది తిరుగులేని చేయి. అదే రింగును అసిటోన్‌లో పడేస్తే నూనెలో వేసిన పూరీలా ఉబ్బుతుంది. ఎంఈకే, ఇథైల్ అసిటేట్ అనే ద్రావకాల్లోనూ ఇదే గతి. దాని ధరలో చిన్న వాటాకే దొరికే ఈపీడీఎం అనే రబ్బరు అసిటోన్‌లో నిక్షేపంగా ఉంటుంది. టోలిన్ దగ్గర కథ తలకిందులు. అక్కడ ఎఫ్‌కేఎం నిలబడుతుంది, ఈపీడీఎం ఉబ్బి పాడవుతుంది. టీహెచ్ఎఫ్ అనే ద్రావకం అయితే రెండింటినీ వదలదు.

ఇందులో మర్మమేమీ లేదు. ఎఫ్‌కేఎం గొలుసులో ధ్రువ స్వభావం ఉంది, అసిటోన్‌లోనూ ఉంది, కాబట్టి ద్రావకం లోపలికి సులువుగా దూరుతుంది. ఈపీడీఎం ఉత్త హైడ్రోకార్బన్, అందుకే టోలిన్‌కూ మినరల్ ఆయిల్‌కూ చోటిస్తుంది. ధరకూ దీనికీ సంబంధం లేదు.

ఉబ్బడం ఒక్కటే కాదు, ఎమీన్లనే క్షారాల సంగతి ఇంకా ఘోరం. ట్రైఇథైలమీన్ వాడని ఏపీఐ (మందుల మూల పదార్థం) బ్లాకులు మన దగ్గర అరుదు. క్షారం ఎఫ్‌కేఎం గొలుసులోంచి హైడ్రోజన్ ఫ్లోరైడును లాగేస్తుంది. రబ్బరు గట్టిపడి, పెళుసెక్కి, వంచితే పగుళ్లిస్తుంది. ద్రావకం ఆరిపోతే ఉబ్బు తగ్గవచ్చు, ఈ నష్టం మాత్రం ఇక పూడదు. సీఐపీలో (పరికరాన్ని విప్పకుండానే లోపల కడిగే పద్ధతిలో) వేడి కాస్టిక్ తిప్పేచోట, ఆవిరి పట్టేచోట మామూలు గ్రేడు ఎఫ్‌కేఎం వేయడం కూడా ఇలాంటి తప్పే. అక్కడ కావలసింది పెరాక్సైడ్‌తో క్యూర్ చేసిన, అంటే గొలుసులు ముడివేసి గట్టిపరచిన ఈపీడీఎం. గంధకంతో క్యూర్ చేసిన ఈపీడీఎం వేడికి త్వరగా నొక్కుకుపోతుంది. పేరు ఒకటే, నల్లరంగూ ఒకటే, ప్రవర్తన వేరు.

ఈ తప్పు ఎక్కడ బయటపడుతుందో చూడండి. ఎజిటేటర్ (రియాక్టర్‌లో కలిపే యంత్రం) మెకానికల్ సీల్‌లో రెండు ఫేసులు ఒకదానికొకటి ఆనుకుని షాఫ్టు దగ్గర లీకును ఆపుతాయి. వాటిలో కదిలే ఫేసు వెనక ఒక ఓరింగు ఉంటుంది. ఫేసు అరిగే కొద్దీ స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది, ఓరింగు స్లీవు (షాఫ్టు తొడుగు) మీద వెంట్రుకవాసి జరగాలి. ఉబ్బిన రింగు స్లీవును పట్టేస్తుంది. స్ప్రింగు తోయలేదు, ఫేసుల మధ్య సందు పడుతుంది, సీలుకు ద్రవం అందించే సీల్ పాట్‌లో మట్టం పడిపోతుంది. విప్పి చూసి కార్బన్ ఫేసు మీద గీతలున్నాయంటారు, ఫేసుల సెట్టు మొత్తం మారుస్తారు, మళ్లీ అదే రబ్బరుతో బిగిస్తారు. ఫేసుల బిల్లు వేలల్లో, దోషి మాత్రం అతి చౌకైన ముక్క.

ఇంకో రకం దెబ్బ షట్‌డౌన్ తర్వాత తగులుతుంది. రబ్బరులోని ప్లాస్టిసైజరును (మెత్తదనం కోసం కలిపే పదార్థాన్ని) ద్రావకం నెమ్మదిగా కడిగేస్తుంది. తడిగా ఉన్నన్నాళ్లు ఉబ్బు ఆ లోటును కప్పిపుచ్చుతుంది, సీలు పడుతూనే ఉంటుంది. వెసెల్ ఖాళీ చేసి ఆరబెట్టాక రింగు అసలు కొలతకంటే చిన్నదైపోతుంది. తర్వాతి బ్యాచ్‌కు వాక్యూమ్ పట్టదు. ‘మొన్నటిదాకా బాగానే ఉంది కదా’ అంటూ గంటల తరబడి ఫ్లాంజిలు బిగిస్తారు.

మల్టీపర్పస్ బ్లాకుల్లో ఇది ముదురుతుంది. ఈ నెల టోలిన్, వచ్చే నెల అసిటోన్, మధ్యలో మిథనాల్ వాష్. ప్రాడక్టు మారినప్పుడు ఛేంజ్ కంట్రోల్ పత్రంలో రియాక్టర్ ఎంఓసీ (దేనితో చేసిందన్నది) రాస్తారు, గ్లాస్‌లైన్డా, ఎస్ఎస్316ఆ అని. గాస్కెట్ల వరుసలో ‘వైటాన్ ఆర్ ఈక్వివలెంట్’ అని పాత మాటే దిగుతుంది. అసిటోన్‌కు వైటాన్‌తో ఈక్వివలెంట్ ఏమిటి? ద్రావకం చెప్పకుండా ఈక్వివలెంట్ అనే మాటకు అర్థమే లేదు. ఇలాంటి చోట కదలిక లేని జాయింట్లకు ఎఫ్ఈపీ ప్లాస్టిక్ తొడుగున్న ఓరింగో, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఎన్వలప్ గాస్కెటో వేయాలి. తొడుగు రింగును సాగదీసి ఎక్కించకూడదు, ముడత పడిందంటే అక్కడే లీకు. కదిలే సీల్‌కైతే ఎఫ్ఎఫ్‌కేఎం అనే పూర్తి ఫ్లోరిన్ రబ్బరు. చిన్న రింగుకే వేలు పోయాలి, నిజమే. అందుకే అది అన్నిచోట్లకూ కాదు, వేరే దారి లేని చోటికే.

సరైన రబ్బరు తెప్పించి గ్రీజుతో చంపేవాళ్లూ ఉన్నారు. ఈపీడీఎం రింగుకు మామూలు పెట్రోలియం గ్రీజు పూసి ఎక్కించడం రోజూ జరిగే పని. దానికి సిలికోన్ గ్రీజు వాడాలి, సిలికోన్ రింగుకు మాత్రం అది వాడకూడదు. అన్నట్టు, అసలు వైటానో కాదో తేల్చడానికి లైటర్‌తో కాల్చి చూసే అలవాటు ఈ క్షణమే మానుకోవాలి. ఎఫ్‌కేఎం కాలితే వచ్చేది హైడ్రోజన్ ఫ్లోరైడ్. గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూచి సాంద్రత కడితే చాలు. నైట్రైల్ 1.2, 1.3 దగ్గర ఉంటుంది, ఎఫ్‌కేఎం సాధారణంగా 1.8 పైమాటే.

ఫార్మాలో మరో భ్రమ సర్టిఫికెట్. అమెరికా ఎఫ్‌డీఏ 21 సీఎఫ్ఆర్ 177.2600 కాగితం జతచేస్తే ఆ రబ్బరు అన్నిటికీ పనికొస్తుందనుకుంటారు. ఆ నిబంధన చూసేది రబ్బరులో ఏ పదార్థాలు కలపవచ్చు, నీటిలోకీ హెక్సేన్‌లోకీ ఎంత దిగుతుంది అన్నది. యూఎస్‌పీ (అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథం) క్లాస్ 6 చూసేది జీవకణజాలం మీద ప్రభావం. మీ అసిటోన్‌కు రింగు ఆగుతుందని ఈ రెండూ ఎక్కడా చెప్పవు.

దీనికి స్టోర్స్ వాళ్ల జవాబు ఒకటుంది, కొట్టిపారేయదగ్గది కాదు. నాలుగు రకాల నల్ల రింగులు ఒకే కొలతలో అరలో పెడితే రాత్రి షిఫ్టులో కలిసిపోతాయి, కాబట్టి ఒకే రకం ఉంచడమే భద్రం అంటారు. కలిసిపోయే మాట వాస్తవం. కానీ దానికి మందు విడి రింగును కవర్‌లోంచి తీసి డబ్బాలో పోయకుండా ఉండటం, రకానికో రంగు తెప్పించడం. ఒకే తప్పు రబ్బరును అన్నిచోట్లా వేస్తే కలగాపులగం తప్పుతుంది, లీకు తప్పదు.

అసలు గొడవ రబ్బరుది కాదు, ఎల్‌1ది, అంటే తక్కువ ధర చెప్పినవాడికే ఆర్డరన్న పద్ధతిది. ‘ఓరింగ్, 50×3, వైటాన్’ అని ముగ్గురికి ఎంక్వైరీ పోతుంది, తక్కువ కోట్ చేసినవాడికి ఆర్డరు. ఎఫ్‌కేఎంను అచ్చులోంచి తీశాక ఓవెన్‌లో 200 డిగ్రీలకు అటూఇటూగా, చాలా కాంపౌండ్లకు ఒక రోజంతా పోస్ట్‌క్యూర్ చేయాలి. ధర తగ్గించాలనుకున్నవాడు ముందు కోసేది ఆ కరెంటు ఖర్చే. రింగు చూడటానికి అలాగే ఉంటుంది, సాంద్రతా సరిపోతుంది. కంప్రెషన్ సెట్ పరీక్షలో, అంటే 25 శాతం నొక్కి 70 గంటలు వేడిలో ఉంచి ఎంతవరకు తిరిగి లేచిందో చూస్తేనే బండారం బయటపడుతుంది. ఆ రిపోర్టు అడిగే అధికారం పర్చేజ్‌కు ఉంది, అడగాలన్న ఎరుక లేదు. ఎరుక ఉన్న ఫిట్టరేమో కాంట్రాక్టు మనిషి, ఇండెంట్ (సరుకు కావాలని కోరే పత్రం) మీద అతని సంతకానికి చోటే లేదు. ప్రభుత్వ సంస్థల టెండర్ల నుంచి ప్రైవేటు ప్లాంట్ల దాకా మన కొనుగోలు వ్యవస్థ ఇలా తెలిసినవాణ్ని గడప బయట నిలబెట్టి, ధర మాత్రమే చదవగలిగినవాడి చేతికి కలం ఇచ్చింది. ఒకచోట రబ్బరు, మరోచోట కేబులు, ఇంకోచోట సిమెంటు.

మార్పు ఇండెంట్ ఫారంతో మొదలుపెట్టవచ్చు. ద్రావకం, కడిగే ద్రావకం, గరిష్ఠ ఉష్ణోగ్రత, ఒత్తిడి, కదిలే సీలా కాదా... ఈ ఐదు గడులు నింపని ఇండెంట్‌ను స్టోర్స్ వెనక్కి పంపాలి. రింగు వచ్చాక బ్యాచ్‌కొకటి తూచి, మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో అదే ద్రావకంలో 70 గంటలు ఉంచాలి. మండే ద్రావకం కాబట్టి ఈ పని క్యూసీ ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ కిందే జరగాలి. రబ్బరు మీద ద్రవాల ప్రభావం చూసే ఏఎస్‌టీఎం డీ471 ప్రామాణిక పద్ధతికి ఇది పేదవాడి రూపం. తీసి తుడిచి వెంటనే తూచండి. కదిలే సీల్‌కు పది శాతం మించి బరువు పెరిగితే ఆ లాటు వద్దు. తర్వాత పూర్తిగా ఆరబెట్టి మళ్లీ తూచండి. మొదటి బరువుకంటే తగ్గిందంటే షట్‌డౌన్ తర్వాత ఆ రింగు లీకయ్యే ప్రమాదం ఉంది, ఆ లాటునూ సప్లయర్‌కు తిప్పి పంపండి.